రోలు తల్లి, గుండు బిడ్డ

1976. పశ్చిమ జర్మనీలో తపస్కాలం. ఈస్టరు ముందు కాథలిక్కులు ఉపవాసం ఉండే నలభై రోజులు. ఆ ఏడు అక్కడి చర్చిల్లోకి ఒక బొమ్మల తెర వచ్చింది. దాని మీద గీతలు గీసిన చెయ్యి జర్మన్ చెయ్యి కాదు.

ఆ తెర వెనక పాత ఆచారం ఒకటి ఉంది. మధ్యయుగాల యూరప్‌లో తపస్కాలం పొడుగునా బలిపీఠం కనబడకుండా గుడ్డ కట్టేవాళ్లు. నోటితో పాటు కంటికీ ఉపవాసమన్నమాట. దాన్ని ఆకలి తెర అనేవాళ్లు. చదువురాని జనం కోసం దాని మీద బైబిలు కథలు గీయించేవాళ్లు. రానురాను ఆ ఆచారం చాలాచోట్ల మాసిపోయింది. పేద దేశాలకు సాయం చేసే మిసెరియోర్ అనే జర్మన్ కాథలిక్ సంస్థ 1976లో దాన్ని మళ్లీ నిలబెట్టింది. కడుపు నిండిన దేశం ఆకలి గురించి తలుచుకోవాలంటే ఆ బొమ్మ ఆకలి తెలిసిన దేశం నుంచే రావాలనుకుంది. మొదటి తెర పనిని భారతదేశంలో ఒక చిత్రకారుడికి అప్పగించింది.

ఆ చిత్రకారుడు ఉండేది బెంగళూరు శివార్లలో, చిక్కబాణావరకు దగ్గర్లోని సిల్వేపుర అనే చిన్న ఊళ్లో. పేరు జ్యోతి సాహి. అప్పటికి ఆయనకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. మన చిక్కబళ్లాపురం జిల్లా గుడిబండె నుంచి పేరేసంద్ర మీదుగా హైవే ఎక్కితే సిల్వేపుర మనకు ఒక పూట ప్రయాణం కూడా కాదు. అయినా ఆయన పేరు జర్మనీకి తెలిసినంతగా మన గుడిబండెకు, బాగేపల్లికి, చింతామణికి తెలియదు. అందుకే ఈ కథ మన భాషలో చెప్పాలనిపించింది.

* * *

జ్యోతి సాహి 1944లో పుణెలో పుట్టారు. తండ్రి పంజాబీ హిందువు. తల్లి ఇంగ్లండు దేశస్థురాలు. ఒకే ఇంట్లో రెండు దేశాలు, రెండు మతాలు. పెరిగింది హిమాలయాల పాదాల దగ్గర, డెహ్రాడూన్‌లో. అక్కడి డూన్ స్కూల్లో సుధీర్ ఖాస్తగీర్ అనే డ్రాయింగు మాస్టారు ఉండేవారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్న మనిషి. పిల్లవాడికి తొలిపాఠాలు చెప్పింది ఆయనే. ఆ బెంగాలు చిత్రకళ కొమ్మ ఒకటి మన తెలుగుదేశానికీ వచ్చింది. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ పాఠాలు చెప్పగా అడివి బాపిరాజు నేర్చుకున్నారు. ఒక మంచి డ్రాయింగు మాస్టారి చెయ్యి ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలు.

1959లో, పదిహేనేళ్ల వయసులో, ఆ కుర్రాడు లండన్ చేరాడు. కాంబర్‌వెల్ కళాశాలలో నాలుగేళ్ల చదువు. 1963లో చేతికి డిప్లొమా వచ్చింది. అక్కడే ఉండి బొమ్మలు వేసుకుంటూ బతికే దారి తెరిచే ఉంది.

అప్పుడు ఆయన ముందుకు వచ్చి నిలబడిన మనిషి పేరు బీడ్ గ్రిఫిత్స్. పుట్టుకతో ఇంగ్లీషువాడు, బెనడిక్టైన్ సన్యాసి. 1955లో భారతదేశం వచ్చి, 1958లో కేరళ వాగమన్ కొండల్లో బెల్జియం సన్యాసి ఫ్రాన్సిస్ ఆచార్యతో కలిసి కురిశుమల ఆశ్రమం మొదలుపెట్టారు. అక్కడి సన్యాసులు కాషాయం కడతారు, చెప్పుల్లేకుండా నడుస్తారు, నేల మీద కూర్చుని ప్రార్థన చేస్తారు, ఆవుల్ని మేపి పాలమ్మి బతుకుతారు. రమ్మని పిలిచారు గ్రిఫిత్స్. పంజాబీ తండ్రికి, ఇంగ్లీషు తల్లికి పుట్టి లండన్‌లో చదువుకున్న పందొమ్మిదేళ్ల కుర్రాడిని ఒక ఇంగ్లీషు సన్యాసి భారతదేశానికి పిలుచుకురావడం! కల్పన రాసే రచయితకు ఇలాంటి మలుపు రాయడానికి ధైర్యం చాలదు.

ఆ రోజుల్లోనే వాగమన్ ప్రాంతానికి హిమాలయాల నుంచి దిగివచ్చిన మరో ఇంగ్లీషు మనిషి లారీ బేకర్. దొరికే రాయితో, దొరికే మట్టితో, తక్కువ డబ్బుతో ఇళ్లు కట్టి తర్వాత దేశమంతా పేరు తెచ్చుకున్న వాస్తుశిల్పి. జ్యోతి సాహి ఆయన దగ్గర పనిచేశారు. లండన్‌లో రంగు నేర్చుకున్న చెయ్యికి ఇక్కడ ఇటుక తగిలింది. బొమ్మ గోడకు తగిలించుకునే వస్తువు మాత్రమే కాదని, గోడ కూడా బొమ్మేనని నేర్పిన చోటు అది. ఆయన తర్వాతి కాలంలో ప్రార్థనా మందిరాల రూపకల్పన వైపు వెళ్లడానికి ఈ రోజులే పునాది అని నేననుకుంటాను.

ఆశ్రమంలో ఉండీ ఆయన సన్యాసి కాలేదు. 1970లో జేన్‌ను పెళ్లాడారు. ఆమె ఇంగ్లండు నుంచి వచ్చిన క్వేకరు. క్రైస్తవుల్లో అదొక శాఖ. క్వేకర్ల ప్రార్థనా మందిరంలో బొమ్మలుండవు, పాటలుండవు, మౌనంగా కూర్చుంటారు. బొమ్మే ప్రార్థన అనుకునే భర్త, మౌనమే ప్రార్థన అనుకునే సంప్రదాయం నుంచి వచ్చిన భార్య. ఇద్దరూ వచ్చి కాపురం పెట్టిన ఊరు సిల్వేపుర.

* * *

ఈ ఊరి పుట్టుక వెనక పెద్ద ఏడుపు ఉంది. 1876 నుంచి 78 దాకా పట్టిన కరవు మైసూరు సంస్థానంలో దాదాపు ఐదో వంతు జనాన్ని మింగేసింది. తల్లీతండ్రీ లేకుండా మిగిలిపోయిన పిల్లలకు ఫ్రెంచ్ మిషనరీలు నేల చూపించి, వ్యవసాయం నేర్పి నిలబెట్టిన ఊళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో సిల్వేపుర ఒకటి. ఆకలి నుంచి పుట్టిన ఊళ్లో ఉండే మనిషే మొదటి ఆకలి తెర గీశాడని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మన చిక్కబళ్లాపురానికీ ఇలాంటి పాత లంకె ఉంది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ జెసూట్ పాదిరులు తెలుగు నేర్చుకుని, కాషాయం కట్టి, మాంసం మానేసి, రోమ్ సన్యాసులమని చెప్పుకుంటూ ఈ దిక్కున తిరిగారు. వాళ్ల ఉత్తరాల్లో చిన్నబళ్లాపురం పేరు పదేపదే వస్తుంది. క్రీస్తు కథను ఈ నేల వేషంలో చెప్పాలన్న ఆలోచన మన వైపు నిన్నమొన్నటిది కాదు.

వేషం సరే, మరి ముఖం? మన పల్లెల్లో ఏ క్రైస్తవుల ఇంటికి వెళ్లినా గోడ మీద క్యాలెండరు యేసు కనిపిస్తాడు. పొడుగాటి గోధుమరంగు జుట్టు, తెల్లటి మొహం. అమెరికాలోని షికాగోలో వార్నర్ సాల్‌మన్ అనే చిత్రకారుడు 1940లో వేసిన క్రీస్తు ముఖం కోట్ల ప్రతులుగా అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. మన క్యాలెండర్లలో చాలావాటికి అదే తాత. ఆ బొమ్మ ముందు మోకరిల్లి కన్నీళ్లు పెట్టుకున్న అవ్వల భక్తిని నేను తక్కువ చెయ్యను. కాని ఆ అవ్వ రంగు, ఆ అవ్వ ముక్కు, ఆ అవ్వ చేతులు దేవుడి బొమ్మలో ఎందుకు ఉండకూడదు?

ఆ ప్రశ్న వేసిన మొదటివాడు జ్యోతి సాహి కాదు. గోవాకు చెందిన ఆంజెలో ద ఫోన్సెకా శాంతినికేతన్‌లో చదివి, మరియమ్మకు చీర కట్టి బొమ్మలు వేశాడు. సొంతవాళ్లు తిట్టిపోస్తే గోవా వదిలి పుణె ఆశ్రమంలో బతికాడు. 1967లో ఆయన పోయేనాటికి గాలి మారడం మొదలయింది. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసింది. ఎవరి భాషలో వాళ్లు పూజ చేసుకోవచ్చని రోమ్ ఒప్పుకుంది. 1967లో బెంగళూరులో అమలోర్‌పవదాస్ అనే తమిళ గురువు ఆధ్వర్యంలో జాతీయ బైబిలు, ఉపదేశ, ఆరాధనా కేంద్రం మొదలయింది. 1969లో నేల మీద కూర్చోవడానికి, చేతులు జోడించడానికి, హారతి ఇవ్వడానికి అనుమతి వచ్చింది. ఆ కేంద్రానికి బొమ్మల్లో తోడు నిలిచిన మనిషి జ్యోతి సాహి.

గొడవ రెండు వైపుల నుంచీ వచ్చింది. ఇది చర్చిని హిందువుల గుడి చెయ్యడమేనని పాతకాలపు కాథలిక్కులు మండిపడ్డారు. అది ఊహించదగ్గదే. రెండో వైపు నుంచి వచ్చిన ప్రశ్న అంతకంటే లోతైనది. పద్మం, ఓంకారం, కాషాయం, సంస్కృత శ్లోకం: ఇవన్నీ ఎవరివి? ఈ దేశ క్రైస్తవుల్లో ఎక్కువమంది ఊరి బయట వాడల నుంచి వచ్చినవాళ్లు. ఏ గుడి గడప తొక్కనివ్వలేదో ఆ గుడి గుర్తుల్నే తెచ్చి చర్చిలో పెడితే వాళ్లకు ఏం దక్కినట్టు? 1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత దైవశాస్త్రం బలంగా మొదలయింది. బొమ్మలు వేసేవాళ్లు కూడా దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

* * *

జవాబు వంటింట్లో దొరికింది.

జ్యోతి సాహి వేసిన 'దళిత్ మడోన్నా' అనే చిత్రం బ్రిటన్‌లో మెథడిస్టు సంఘం వారి ఆధునిక చిత్రాల సేకరణలో ఉంది. మడోన్నా అంటే యూరప్ చిత్రకళలో బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ. శతాబ్దాల తరబడి ఆమెను పట్టుబట్టలో, బంగారు కాంతి వలయంలో, సింహాసనం మీద చూపించారు. జ్యోతి సాహి ఆమెను చూపించడానికి ఎంచుకున్నది రుబ్బురోలు. తల్లి రోలు. ఆ రోలు గుంటలో ఒదిగిన గుండు బిడ్డ.

మన వైపు ఆడవాళ్లకు దీని అర్థం ఏ పండితుడూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మిక్సీలు, గ్రైండర్లు రాకముందు గుడిబండె కొండ కింద ఇళ్లలో పొద్దు రోలు దగ్గరే మొదలయ్యేది. రాయి నున్నబడితే ఉలితో గంట్లు పెట్టడానికి మనిషి వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడు. రోలూ గుండూ ఒకే నల్లరాతివి. ఒకటి లేకుండా రెండోదానికి పని లేదు. రెండూ ఒరుసుకుంటేనే ఇంటికి తిండి. అరగడం, అరిగి అన్నం పెట్టడం. కరువుసీమ ఆడదాని బతుకు అంతా ఆ రాతిలో ఉంది. పైగా కాయకష్టం చేసేవాళ్లు తమ ఇంట్లో రోజూ ముట్టుకునే వస్తువు అది. దాన్ని పూజగదిలో పెట్టి తాళం వెయ్యరు.

ఆయన వేసిన వందల బొమ్మల్లో నేను దీన్నే ముందు పెడతాను. పద్మంలో కూర్చున్న క్రీస్తు అందంగా ఉంటాడు. రోలులో ఒదిగిన క్రీస్తు మన ఇంట్లో ఉంటాడు.

ఆ ఆలోచనకు వేర్లు లోతుగా ఉన్నాయి. 1980లో లండన్‌లో అచ్చయిన ఆయన మొదటి పుస్తకం 'ది చైల్డ్ అండ్ ది సర్పెంట్' మన జానపదుల గుర్తుల గురించే. పాము, చెట్టు, నీళ్లు, బిడ్డ వంటి వాటికి జనం ఇచ్చుకున్న అర్థాలను ఒక చిత్రకారుడు కూర్చుని వెతికిన పుస్తకం. తర్వాత 1986లో 'స్టెపింగ్ స్టోన్స్', 1998లో 'హోలీ గ్రౌండ్' వచ్చాయి. కుంచె పట్టిన దైవశాస్త్రవేత్త అని ఆయనకు పేరొచ్చింది.

* * *

ఆయన జీవితంలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం బొమ్మల కంటే పాఠాలు.

1970ల నడుమ జేన్ సిల్వేపురలో సీతా స్కూలు మొదలుపెట్టారు. ఊరి పిల్లల కోసం చిన్న బడి. గాంధీ, టాగూరు చెప్పిన చదువును పల్లెలో పెట్టి చూసిన ప్రయత్నం. అక్కడ డ్రాయింగు వారానికొకసారి వచ్చే పీరియడు కాదు. మట్టి పిసకడం, ఆకులు చూసి గీయడం, కథ చెప్పి దానికి బొమ్మ వెయ్యడం, వీటి ద్వారానే మాటలు, లెక్కలు, పరిసరాలు నేర్పారు. జేన్, కొడుకు రోషన్ కలిసి ఆ అనుభవంతో రాసిన 'లెర్నింగ్ త్రూ ఆర్ట్' పుస్తకాన్ని భోపాల్ ఏకలవ్య సంస్థ అచ్చువేసింది. కన్నడ బడిలో తెలుగు పిల్లలు కూర్చునే మన తాలూకాల్లో ఈ పద్ధతి విలువ ఎక్కువ. భాష ఇంకా నోటికి రాని పిల్ల కూడా బొమ్మ గీసి తనకు తెలిసింది చెప్పగలదు.

పెద్దల కోసం జ్యోతి సాహి 1980ల్లో అదే ఊళ్లో ఆర్ట్ ఆశ్రమం పెట్టారు. దేశదేశాల చిత్రకారులు, సన్యాసినులు, గురువులు వచ్చి ఉండి నేర్చుకుని వెళ్లిన చోటు అది. అంతకుముందే 1978లో ఆసియా దేశాల క్రైస్తవ చిత్రకారుల సంఘం ఏర్పడింది. జపాన్ ఆచార్యుడు మసావో తకెనాకా దానికి నడుం కట్టారు. ఆ సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో జ్యోతి సాహి ఒకరు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో గోవా అమ్మాయి లూసీ డిసౌజా ఉంది. 1990లో మిసెరియోర్ సంస్థ ఆకలి తెరకు చిత్రకారిణిగా ఆమెను ఎంచుకుంది. బైబిలు స్త్రీలను ఆమె ఆ తెర మీద గీసింది. 1976లో గురువు తెర కట్టిన చోట 1990లో శిష్యురాలి తెర కట్టారు. ఏ డ్రాయింగు మాస్టారికైనా ఇంతకు మించిన సన్మానం ఏముంటుంది?

* * *

ఇది చదువుతూ తెలుగువాళ్లలో ఇలాంటి మనిషి లేడా అని అడగబోతున్నారు. ఉన్నారు. ఆయన్ని మనం ఇంకా ఎక్కువ మరిచిపోయాం.

పులిదిండి సాలమన్ రాజు. 1921లో పుట్టారు, 2019లో కన్నుమూశారు. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంలో పాస్టరు. మద్రాసు గురుకుల్ కాలేజీలో, ఇంగ్లండులోని సెల్లీ ఓక్ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. అంత దూరం పోయి ఆయన పరిశోధించింది ఎవర్ని? 1938లో బైబిలు మిషన్ స్థాపించిన మన దేవదాసు అయ్యగారిని, ఆ చిన్న సంఘాల పాటల్ని, ప్రార్థనల్ని. ఆ పరిశోధన 1986లో జర్మనీలో పుస్తకంగా వచ్చింది. తిరిగివచ్చాక విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం పెట్టారు. సువార్తికుడు లూకా మరియమ్మ బొమ్మ గీశాడని క్రైస్తవ లోకంలో పాత నమ్మకం. చిత్రకారులు ఆయన్ని తమ పెద్దగా తలుచుకుంటారు. ఆ పేరే పెట్టారు.

ఆయన చేతి పనులు రెండు. ఒకటి బాతిక్. తెల్లగుడ్డ మీద వేడి మైనంతో గీత గీస్తారు. మైనం ఉన్నచోట రంగు పట్టదు. ముందు లేతరంగులో ముంచుతారు, ఆరాక మళ్లీ మైనం, మళ్లీ ముదురు రంగు. చివరికి మైనం కరిగించి తీసేస్తే బొమ్మ బయటపడుతుంది. మైనం పగిలిన చోట రంగు సన్నటి నరాల్లా పాకుతుంది. అది ఎక్కడ పాకుతుందో చిత్రకారుడి చేతిలో పూర్తిగా ఉండదు. మైనం, గుడ్డ, రంగు మన కలంకారీ కళకూ చుట్టాలే. రెండోది చెక్కబొమ్మ. చెక్క మీద తెల్లగా ఉండవలసిన భాగాన్ని ఉలితో తొలిచేసి, మిగిలినదానికి సిరా పూసి కాగితం మీద అద్దుతారు. లూథరన్ పాస్టరుకు ఇది వారసత్వం కూడా. 1522లో మార్టిన్ లూథర్ జర్మన్ కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు ప్రకటన గ్రంథానికి క్రానాక్ చిత్రశాల నుంచి చెక్కబొమ్మలే వచ్చాయి. ఒక చెక్కతో వందల ప్రతులు తీయొచ్చు, పేదవాడి చేతికీ బొమ్మ అందుతుంది. పాస్టరు ఈ పనిని ఎందుకు ప్రేమించాడో అర్థమవుతుంది.

తన బాతిక్ బొమ్మల పక్కన చిన్న ధ్యానాలు రాసి సాలమన్ రాజు పుస్తకాలు తెచ్చారు. 'లివింగ్ ఫ్లేమ్ అండ్ స్ప్రింగింగ్ ఫౌంటెన్' 1993లో వచ్చింది. లూకా సువార్తలో విముక్తి మీద ఒక బాతిక్ వరసే చేశారు. కోస్తా ఆంధ్ర స్థానిక సంఘాల చరిత్రను 2003లో 'ది న్యూ వైన్‌స్కిన్స్' పేరుతో రాశారు. గమనించారా? ఈ పేర్లన్నీ ఇంగ్లీషువే. తెలుగు పాస్టరు, తెలుగు సంఘాల గురించి రాసిన మాటలు తెలుగు విశ్వాసి చేతికి రావలసినంతగా రాలేదు. ఈ లోటు తీర్చవలసిన బాధ్యత మన సంఘాలదీ, మన ప్రచురణకర్తలదీ.

ఇద్దరి దారులూ వేరు. ఒకరిది కాథలిక్ ఆశ్రమం, ఒకరిది లూథరన్ వేదిక. ఒకరు లండన్ నుంచి పల్లెకు వచ్చారు, ఒకరు ఆంధ్ర సంఘం నుంచి బర్మింగ్‌హామ్ దాకా వెళ్లి తిరిగొచ్చారు. ఇద్దరూ బొమ్మలతో ఆగిపోలేదు, నేర్పడానికి చోటు కట్టారు. వాళ్ల బొమ్మల కంటే ఆ చోట్లే గొప్పవని నా తీర్పు. బొమ్మ గోడ మీద ఒక్కటే ఉంటుంది. నేర్చుకున్న చెయ్యి ఇంకో చేతికి నేర్పుతుంది.

గుడిబండె, బాగేపల్లి, చింతామణి చర్చిల్లో సండే స్కూలు నడిపే అక్కలకు, అన్నలకు ఒక మనవి. వచ్చే క్రిస్మస్‌కు పిల్లల చేత కార్డు మీది పశువుల తొట్టిని చూసి గీయించకండి. అందులో మంచు ఉంటుంది, మన ఊళ్లో మంచు కురవదు. ఒక సాయంత్రం పిల్లల్ని మీ ఊళ్లోనే ఏదైనా పశువుల కొట్టం దగ్గరికి తీసుకెళ్లండి. గడ్డి, గాటికట్టె, ఆవు, దూడ, అక్కడ పనిచేసే అమ్మ అన్నీ కళ్లారా చూడనివ్వండి. తలా ఒక కాగితం, రంగుపెన్సిళ్లు ఇచ్చి మరియమ్మను, బాలయేసును అక్కడే కూర్చోబెట్టి గీయమనండి. ఆ బొమ్మల్నే ఆ ఏడాది చర్చి గోడ మీద పెట్టండి.